కాలనీ పార్కులో నడక దారి మునుగుతోంది, ఏ పని ముందు మొదలుపెట్టాలి? (విజయనగరం)

చంపావతి_తీరం

అందరికీ నమస్కారం. విజయనగరంలో మా కాలనీ లేఅవుట్ పార్కు గురించి అడుగుతున్నాను. స్థలం 70 సెంట్లు. పొడుగు 210 అడుగులు, వెడల్పు 145. చుట్టూ ప్రహరీ ఉంది, తూర్పున గేటు. ప్రహరీకి పదడుగులు లోపలగా పేవర్ బ్లాకులతో ఆరడుగుల నడక దారి వేశారు, చుట్టుకొలత 600 అడుగుల చిల్లర. ఒక మూల ఓపెన్ జిమ్ సామాన్లు ఐదు, ఇంకో మూల జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు ఉన్నాయి. మధ్యలో కొరియన్ గడ్డి వేశారు గానీ సగానికి సగం చచ్చిపోయింది.

గట్టి వాన పడిందంటే పడమటి వైపు దారి మీద మడమ లోతు నీరు రెండు రోజులైనా కదలదు. పేవర్లు కుంగి ఎగుడుదిగుడయ్యాయి. నాచు పట్టి పెద్దవాళ్ళు జారుతున్నారు. ఇకమీదట నిర్వహణ కాలనీ సంఘమే చూసుకోబోతోంది, చేతిలో డబ్బు తక్కువ. పేవర్లు పీకేసి మట్టి ట్రాక్ వేయమని కొందరు, ఉన్నవే సర్దమని కొందరు అంటున్నారు. సంక్రాంతికి ముగ్గుల పోటీ, పిల్లలకు ఆటలు పెట్టాలని ఉంది, రెండొందల మంది దాకా వస్తారు. అవి పెడితే ఉన్న గడ్డి కూడా పోతుందని భయం. ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_గట్టు

పేవరా, మట్టా అన్న ప్రశ్న పక్కన పెట్టండి మాస్టారూ. ముందు నీళ్ళు పోయే దారి చూడండి. అది తేలకుండా ఏం వేసినా రెండో వర్షాకాలానికి ఇదే గతి.

లెక్క చూడండి. 70 సెంట్లంటే దాదాపు 30,500 చదరపు అడుగులు. ఒక్క అంగుళం వాన పడితే ఆ స్థలం మీద పడే నీరు సుమారు 72,000 లీటర్లు. తుపాను రోజున నాలుగు అంగుళాలు పడితే మూడు లక్షల లీటర్లకు కాస్త తక్కువ. చాలామంది రెండు ఇంకుడు గుంతలు తవ్వేసి పనైపోయిందనుకుంటారు. నాలుగడుగులు పొడుగు, నాలుగడుగులు వెడల్పు, ఆరడుగుల లోతు గుంత తవ్వి రాళ్ళు నింపితే, రాళ్ళ సందుల్లో పట్టేది మహా అయితే 1,100 లీటర్లు. చిన్న జల్లులకు ఇంకుడు గుంత మంచిదే, భూమిలోకి నీరు దిగుతుంది. తుపాను వానకు మాత్రం బయటికి పోయే కాలువ ఉండి తీరాలి.

మొదటి పని మట్టం పట్టడం. ఇంజనీరు అక్కర్లేదు, తాపీమేస్త్రి దగ్గరుండే లెవెల్ ట్యూబు చాలు. పారదర్శకంగా ఉండే గొట్టంలో బుడగ లేకుండా నీళ్ళు నింపి, ఒక కొస గేటు దగ్గర గుర్తు పెట్టిన కర్రకు ఆనించి, రెండో కొసను ఇరవై అడుగులకొక చోట పట్టుకుని నేల ఎంత ఎత్తుపల్లాలుందో కాగితం మీద వేసుకోండి. బుడగ ఒక్కటి ఉన్నా లెక్క రెండు మూడంగుళాలు తప్పుతుంది. గొట్టం నీడలోనే ఉంచండి, ఎండలో బుడగలు పుడతాయి. తర్వాత రోడ్డు పక్క కాలువ అడుగు మట్టం కూడా అదే గొట్టంతో చూడండి. ఎక్కువ పార్కుల్లో తప్పు బయటపడేది ఇక్కడే. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి, పార్కు పల్లంలో పడిపోయి ఉంటుంది. కాలువ అడుగు మీ పల్లం కన్నా ఎత్తుంటే వానలో నీరు బయటికి పోదు, బయటి మురుగే లోపలికి తంతుంది. అలాగైతే కాలువను తవ్వడం కన్నా పార్కు పల్లాన్ని గ్రావెల్‌తో లేపడమే చవక.

మట్టం కలిస్తే పడమటి ప్రహరీ వెంబడి అడుగు వెడల్పు కాలువ తీయండి. 145 అడుగుల పొడుగుకు కనీసం ఒక అడుగు వాలు ఉండాలి. అంతకన్నా తక్కువైతే ఆకులు, ఇసుక అడుగున కూర్చుంటాయి. ప్రహరీలోంచి నీరు బయటికి పోయే చోట ఇనుప జాలీ, దానికి ముందు రెండడుగుల చదరపు గుంట కట్టండి. కాలువ కన్నా గుంట అడుగు లోతు ఎక్కువుంటే ఇసుక అందులోనే ఆగుతుంది, నెలకోసారి పారతో ఎత్తేస్తే సరి. ఆ గుంట ఎండాకాలంలో కూడా ఎండిందో లేదో చూసుకోండి, లేకపోతే దోమల పుట్ట అవుతుంది.

ఇంకుడు గుంత తవ్వేముందు చిన్న పరీక్ష చేయండి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. అంగుళం పైన దిగితే గుంత పనిచేస్తుంది. అర అంగుళం కూడా దిగకపోతే జిగట నేల, డబ్బు దండగ. పాత చెరువు గర్భంలో పడిన లేఅవుట్లలో అయితే వర్షాకాలం భూగర్భ జలం పైకొచ్చి గుంత దానంతటదే నిండిపోతుంది.

ఇక దారి. పేవర్లు కుంగడానికి కారణం పేవరు కాదు. అంచు కట్టు లేకపోతే అడుగునున్న ఇసుక వానకు పక్కలకు కొట్టుకుపోతుంది, బ్లాకు దిగుతుంది. ఒక పేవరు లేపి చూడండి. అడుగున నాలుగంగుళాల వదులు ఇసుక కనబడితే తప్పు అదే. ఇసుక ఒకటి, ఒకటిన్నర అంగుళం మించకూడదు. దాని కింద రోలరుతో గట్టిపరచిన మెటల్ (కంకర రాయి) పొర ఉండాలి. సందుల్లో సిమెంటు పాలు పోయించకండి. అది పగిలి నీరు లోపల చిక్కుకుంటుంది. ఎండిన సన్న ఇసుక చల్లి చీపురుతో లోపలికి ఊడ్పించాలి.

నా సలహా అయితే, దారి మీది పేవర్లన్నీ తీసి, వాటిని గేటు నుంచి లోపలికొచ్చే దారికీ, కార్యక్రమాల జాగాకూ వాడుకోండి. నడక దారి మొత్తం డస్ట్ ట్రాక్‌గా, అంటే క్రషర్ రాతి పొడి పరిచిన దారిగా మార్చండి. రోజూ గంటసేపు నడిచే మోకాళ్ళకు అది మేలు, చెడినా పార, రోలరు ఉంటే మీరే సరిచేసుకోవచ్చు.

600 అడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పుకు సామాను ఇలా పడుతుంది. గట్టిపడ్డాక మందం నాలుగంగుళాలు ఉండేలా 40 ఎం.ఎం. మెటల్ 16 యూనిట్లు, దానిపైన మూడంగుళాలకు ఎర్ర గ్రావెల్ 12 యూనిట్లు, పైన రెండంగుళాలకు క్రషర్ డస్ట్ 8 యూనిట్లు. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. రోలరు కింద నలుగుతుందని ముప్పై శాతం కలిపిన లెక్క ఇది. ట్రాక్టరు దిగగానే తొట్టె కొలవండి, యూనిట్ అని చెప్పి డెబ్బై, ఎనభై అడుగులు తెచ్చే బళ్ళు ఉంటాయి.

డస్ట్‌లో ఆరు ఎం.ఎం. చిప్స్ నుంచి పిండి దాకా అన్నీ కలిసి ఉండాలి. కడిగిన రాతి ఇసుక అతుక్కోదు, కాలి కింద జారుతుంది. మరీ పిండిలాంటిదైతే వానకు బురద, ఎండకు దుమ్ము. ఎనిమిది పాళ్ళ డస్ట్‌కు రెండు పాళ్ళు జల్లెడ పట్టిన గ్రావెల్ కలిపితే పట్టు దొరుకుతుంది. తడి ఎంతుండాలో చేతితోనే తెలుస్తుంది. గుప్పెట్లో పట్టి పిసికితే ముద్ద నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. ఆ ముద్దను నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడి పొడిగా రాలితే నీళ్ళు చాలలేదు, పిడకలా అతుక్కుంటే ఎక్కువయ్యాయి. అప్పుడు రోలరు తిప్పి లాభం లేదు, ఆరే దాకా ఆగాలి. రోలరు ఒక టన్ను వైబ్రేటరీది అద్దెకు తీసుకోండి. చేత్తో లాగే క్రికెట్ రోలరుతో మెటల్ నలగదు.

దారి మధ్య భాగం అంచుల కన్నా అంగుళం ఎత్తు ఉండాలి. ఆరడుగుల కర్రకు అడుగు భాగాన్ని ఆ వంపులో చెక్కించి, పది అడుగులకోసారి అడ్డం పెట్టి చూస్తే మేస్త్రి తప్పించుకోలేడు. అంచు రాళ్ళు డస్ట్ మట్టానికే ఉంచి, ఎనిమిదడుగులకొక చోట రెండంగుళాల సందు వదలండి. అంచు రాయి ఎత్తుగా పెట్టారో, మీరు కట్టింది దారి కాదు, తొట్టి.

గరికపోచ

పై మాటలన్నీ సరైనవే. పచ్చదనం సంగతి నేను చెబుతాను.

కొరియన్ గడ్డి చచ్చిందంటే ఆశ్చర్యం లేదండీ. దానికి రోజంతా ఎండ కావాలి, నీరు నిలవకూడదు, పదిమంది తొక్కకూడదు. కాలనీ పార్కులో ఈ మూడూ కుదరవు. గరిక వేయండి. జూన్, జూలైలో నాలుగు వానలు పడ్డాక గరిక తీగల్ని జానెడేసి ముక్కలు చేసి ఆరంగుళాలకొకటి నాటితే వర్షాకాలం అయ్యేసరికి పరుచుకుంటుంది. నాటే ముందు తుంగ గడ్డలు ఏరించడం ముఖ్యం. పైన కోస్తే తుంగ పోదు, కింద గడ్డ తవ్వి తీయాలి. కోత రెండంగుళాలకు తక్కువ చేయకండి. నేలకు గీకి కోస్తే మే నెలలో వేరు మాడిపోతుంది. పదివేల చదరపుటడుగుల గడ్డికి ఎండాకాలంలో రోజుకు నాలుగున్నర వేల లీటర్లు కావాలి. బోరు అంత ఇవ్వకపోతే గడ్డి తగ్గించి చెట్ల కింద నేలను ఎండుటాకులతో కప్పి వదిలేయండి. బట్టతల గడ్డి కన్నా అదే చూడ్డానికి బాగుంటుంది.

చెట్ల విషయంలో మన జిల్లాలకు ముందు తుపాను గాలి లెక్క చూడాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ అయితే 2021లో సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గరికి వచ్చేసింది. కాబట్టి కొమ్మల పని సెప్టెంబరు 15 లోపల ముగించాలి. దసరా ముందు చూద్దాంలే అనుకుంటే ఆలస్యమే.

తురాయి, పచ్చతురాయి, సుబాబుల్ తొందరగా పెరుగుతాయి, తొందరగానే విరుగుతాయి. వాటిని దారికీ ఆటల జాగాకూ దగ్గర పెట్టకండి. కోనోకార్పస్ అసలే వద్దు, వేళ్ళు పైపుల్లోకి, కాలువల్లోకి దూరతాయి. కానుగ, వేప, పొగడ మనకు సరిపోతాయి. పొగడ నెమ్మదిగా పెరిగినా ఏడాది పొడుగునా నీడ ఇస్తుంది. నేరేడు మంచి చెట్టే గానీ కాయల కాలంలో కింద నేలంతా జారుడు, నడక దారికి పదిహేనడుగుల దూరంలో పెట్టండి. బాదం ఆకు పెద్దది, నాగావళి_గట్టు గారు కట్టమన్న జాలీని ఒక్క రోజులో మూసేస్తుంది. కొబ్బరి దారి పక్కన వద్దు. పిల్లలు తిరిగే చోట పచ్చగన్నేరు ఉంటే వెంటనే తీసేయండి, దాని గింజలు ప్రాణాలు తీస్తాయి. మామూలు గన్నేరు కూడా విషమే.

ప్రహరీకీ దారికీ మధ్య ఉన్న పదడుగుల పట్టీలో పెద్ద చెట్లు పెడితే పదేళ్ళకు గోడా పగులుతుంది, దారీ లేస్తుంది. అక్కడ నందివర్ధనం, దేవగన్నేరు, కరివేపాకు లాంటివి చాలు. పెద్ద చెట్లు దారికి లోపలి వైపు, ఎనిమిదడుగుల దూరంలో, చెట్టుకూ చెట్టుకూ ఇరవై అడుగులు వదిలి నాటండి. సాయంత్రం ఎండ పడమట నుంచి వస్తుంది గనక ముందు ఆ వైపు మొదలుపెట్టండి. గొయ్యి అన్ని వైపులా రెండడుగులు, తీసిన మట్టిలో మూడో వంతు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలపాలి. పచ్చి గెత్తం వేస్తే చెదలు వస్తాయి, వేరు ఉడుకుతుంది. మొక్కకు ఒక్క కర్ర కట్టి వదిలేయకుండా, అడుగున్నర దూరంలో మూడు వెదురు కర్రలు పాతి, నార తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. జీఐ ఇనుప తీగ కట్టారో, ఏడాదిలో బెరడులోకి దిగి, గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

కొమ్మలు తీయడమంటే మొండెం చేయడం కాదు. దట్టమైన చెట్టులో పావు వంతు కొమ్మలు పలచన చేస్తే గాలి మధ్యలోంచి పోతుంది. తల నరికేస్తే కొత్తగా వచ్చే చిగురు కొమ్మలకు పట్టు ఉండదు, తర్వాతి గాలికి అవే ముందు రాలతాయి. లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు రంపం వేయండి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చకుండా పడుతుంది. మిగిలిన మోడును మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉండే గట్టు బయట కోయాలి. ఆ గట్టును కోసేస్తే గాయం మూయదు, పుచ్చు లోపలికి పోతుంది. చెట్టు మొత్తం కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి, కాలనీ తీర్మానం సరిపోదు.

రాలిన ఆకులు తగలబెట్టకండి. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నిషేధం. పదడుగులు పొడుగు, నాలుగు వెడల్పు, మూడు లోతు గుంటలు రెండు తీసి, అడుగు ఆకుల మీద ఒక తట్ట పేడ నీళ్ళు చల్లుతూ నింపండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే నాలుగు నెలల్లో ఎరువు తయారు. ఒకటి మాగుతుండగా రెండోది నిండుతుంది. పైన నీరు పడకుండా తాటాకో రేకో కప్పండి.

వంశధార_వాసి

ట్రాక్ మీద ఒక్క మాట నాగావళి_గట్టు గారూ. మొత్తం డస్ట్ చేస్తే చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకీ, వాకర్ పట్టుకుని నడిచేవాళ్ళకీ కష్టం. చక్రం కూరుకుపోతుంది. గేటు నుంచి మొదటి మూడు బెంచీల దాకా, తూర్పు వైపు దారి 100 అడుగులు పేవర్లే ఉంచి, అంచు కట్టి మళ్ళీ పరవమని నా మనవి. అక్కడ వారానికోసారి గట్టి పుల్లల చీపురుతో రుద్దిస్తే నాచు పట్టదు. పట్టిన నాచుకు బ్లీచింగ్ నీళ్ళు పోసి పావుగంట ఆగి రుద్దాలి. ఆ నీళ్ళు గడ్డి వైపు పోనివ్వకండి.

జిమ్ సామాన్లు కిర్రుమంటే ఇంజను ఆయిలు పోసి ఊరుకుంటారు. అది నాలుగు రోజుల ఓదార్పే. పాత ఆయిలుకు దుమ్ము పట్టి లోపల రాపిడి ఇంకా పెరుగుతుంది. ఊగే చేతిని పట్టుకుని అటూ ఇటూ అడ్డంగా కదిపి చూడండి. అడ్డంగా ఆడితే బేరింగ్ పోయింది. సీల్ ఉన్న బేరింగ్ కి గ్రీజు ఎక్కదు, పక్కన చెక్కి ఉన్న నంబరు చూసి అదే మార్చాలి. ఆడకుండా శబ్దం మాత్రమే వస్తుంటే రబ్బరు స్టాపరు అరిగి ఇనుము ఇనుముకు తగులుతోందన్నమాట. ఈ రబ్బరు అరిగిన చోటే పిల్లల వేళ్ళు నలుగుతాయి, కాబట్టి చిన్న సామానే అయినా ముందు మార్చండి. వెల్డింగ్ దగ్గర జుట్టంత గీత, దాని వెంబడి తుప్పు మరక కనబడితే ఆ రోజే తాడు కట్టి వాడకం ఆపించాలి. రంగు వేసి కప్పేస్తే అది మనిషి బరువుతో పాటే ఊడుతుంది. కింద పునాది బోల్టుల చుట్టూ నీరు నిలవకుండా కాంక్రీటును నేలకు రెండంగుళాలు ఎత్తులో, వాలుగా పోయించండి.

ఉయ్యాల, జారుడుబల్ల కింద సిమెంటు గానీ పేవరు గానీ ఉంటే పగలగొట్టించండి. అడుగు మందాన నది ఇసుక, చుట్టూ ఆరడుగుల దాకా ఉండాలి. ఉయ్యాలకు ముందూ వెనకా ఇంకా ఎక్కువ వదలాలి. కాళ్ళు తగిలే చోట ఇసుక పక్కకు పోయి గుంట పడుతుంది, రెండు రోజులకోసారి పారతో లాగాలి. ఇనుప రేకు జారుడుబల్ల పడమటికో దక్షిణానికో తిరిగి ఉంటే ఏప్రిల్‌లో తొడలు కాలతాయి, ఉత్తరం వైపు తిప్పండి. కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాల నుంచి తొమ్మిది అంగుళాల మధ్య ఉంటే ప్రమాదం. ఒళ్ళు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది.

దీపాల విషయంలో వాన కాలమే భయం. స్తంభానికి కింద ఉండే చిన్న మూత ఊడిపోయి తీగలు బయటికి కనబడటం మామూలు. మూత బిగించి, మొత్తం పార్కు లైన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టించండి, నెలకోసారి దాని టెస్ట్ మీట నొక్కి పడుతోందో లేదో చూడండి. వానలో అది తరచూ పడిపోతోందని తీసి నేరుగా కలిపేసే ఎలక్ట్రీషియన్లున్నారు. పడిపోతోందంటే ఎక్కడో కరెంటు నేలలోకి కారుతోందని అర్థం.

నాగావళి_గట్టు

మీరు చెప్పింది నిజం, తూర్పు వైపు పేవర్లు ఉంచుదాం. అప్పుడు సామాను ఆరో వంతు తగ్గుతుంది. డస్ట్ ఏడు యూనిట్లు చాలు. పేవరూ డస్టూ కలిసే చోట అడ్డంగా ఒక అంచు రాయి పాతాలి, లేకపోతే అక్కడే మొదటి గుంట పడుతుంది.

చంపావతి_తీరం

చాలా సంతోషమండీ, ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. రెండు సందేహాలు. సంక్రాంతి కార్యక్రమం ఎలా చేయాలో చెప్పలేదు. ఇంకోటి, ఒక మూల కమ్యూనిటీ హాలు కడదామని, లేదా చిన్న గుడి కడదామని సంఘంలో ఒత్తిడి ఉంది. ఎటూ మన పార్కే కదా అంటున్నారు.

మూడు_లాంతర్లు

ముందు రెండోది. లేఅవుట్‌లో పార్కుగా చూపిన స్థలం దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు చేరుతుంది. నిర్వహణ మీది, యాజమాన్యం మీది కాదు. పార్కు కోసం వదిలిన జాగాను వేరే పనికి మళ్ళించకూడదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో గట్టిగా చెప్పింది. అక్కడ కట్టబోయింది ఆసుపత్రి, అయినా ఒప్పుకోలేదు. హాలు కడితే పార్కు పోవడమే కాదు, రేపు ఎవరు కోర్టుకెళ్ళినా సంఘం డబ్బు గోడలతో సహా నేలపాలు. నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో మంజూరైన లేఅవుట్ నకలు, దానపత్రం నకలు తీసుకుని సమావేశంలో బల్ల మీద పెట్టండి. సంఘం ఇంకా రిజిస్టరు కాకపోతే 2001 సొసైటీల చట్టం కింద చేయించండి, ఏడుగురు సభ్యులు చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేరునే ఉండాలి.

ఇక కార్యక్రమాలు. గడ్డి మీద ఏదీ పెట్టకండి. ఈశాన్యం వైపు 60 అడుగుల పొడుగు, 45 అడుగుల వెడల్పున గట్టి నేల జాగా విడిగా ఉంచండి. గ్రావెల్ మీద సన్న మట్టి పరిచి రోలరు తిప్పితే చాలు, పేవర్లు మాత్రం దాని అంచున తిండి బల్లలకు పదడుగుల పట్టీగా వేసుకోండి. డస్ట్ మీద నూనె ఒలికితే ఆ మచ్చ తవ్వి తీయాల్సిందే, కడిగితే పోదు.

ముగ్గులకు ఒక్కొక్కరికి నాలుగడుగుల గడి, గడికీ గడికీ మధ్య రెండడుగుల దారి. 60 అడుగుల వైపు పది గడులు, 45 వైపు ఏడు వరసలు వస్తాయి. మధ్య వరస ఖాళీగా వదిలితే న్యాయనిర్ణేతలు ముగ్గు తొక్కకుండా నడుస్తారు, అరవై మందికి చోటుంటుంది. ముందు రోజు సాయంత్రం పురికొసలు లాగి సున్నంతో గీతలు వేసుకోండి. తెల్లవారి కళ్ళాపి పలచగా చల్లాలి. ఎక్కువ చల్లితే జనవరి మంచుకు తొమ్మిదైనా ఆరదు, ముగ్గు పిండి పీల్చుకుని గీత చెదురుతుంది. చల్లాక రెండు గంటలు వదిలి, ఎనిమిదికి మొదలుపెట్టి పదింటికి ముగించండి. ఎండెక్కితే గాలి లేచి రంగులు పక్క గడిలోకి పోతాయి, తగవులు వచ్చేది అక్కడే. గడి నంబరు ఎవరికి ఏది అన్నది చీటీ తీసి ఇవ్వండి. అంచు గడికి చూసేవాళ్ళెక్కువ అనే పేచీ తప్పుతుంది.

ఆటల్లో ఖోఖోకు 27 మీటర్ల పొడుగు, 16 మీటర్ల వెడల్పు కావాలి, మీ జాగాలో పట్టదు. కబడ్డీ మగవాళ్ళకు 13 మీటర్లు, 10 మీటర్లు. అంటే 43 అడుగులు, 33 అడుగులు. గీతల వరకు పడుతుంది గానీ చుట్టూ వదలాల్సిన జాగా చాలదు, ప్రేక్షకుల కాళ్ళ మీద పడతారు. ఆడవాళ్ళ కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. అది సుఖంగా పడుతుంది, పిల్లలకూ అదే వాడండి. ఆట ముందు రోజు పై మూడంగుళాలు గునపంతో వదులు చేసి రాళ్ళు ఏరి, కాస్త ఇసుక కలిపి తడిపి ఉంచండి. రోలరు తిప్పడం ఆట అయ్యాకే.

తప్పెటగుళ్ళు పెట్టించగలిగితే తప్పకుండా పెట్టించండి, మన ఉత్తరాంధ్ర కళ, పిల్లలు చూడాలి. గజ్జెలు కట్టుకుని వట్టి కాళ్ళతో ఎగురుతారు గనక నేల మీద మేకులు, రాతి చిప్స్, సీసా పెంకులు లేకుండా అయస్కాంతం, చీపురు రెండూ తిప్పండి. గుండ్రంగా తిరగడానికి ముప్పై అడుగుల జాగా, చుట్టూ తాడు. వాళ్ళకు మైకు గుండెకు కట్టుకునే తప్పెటలకు కాదు, పాడే మనిషికొక్కడికే పెట్టండి.

షామియానా మేకులు కొట్టే ముందు బోరు పైపు, కరెంటు కేబులు ఎటు పోతున్నాయో సున్నంతో గీయండి. టెంటు హౌసు కుర్రాళ్ళకు అది తెలియదు, రెండడుగుల మేకు సరిగ్గా పీవీసీ పైపులో దిగుతుంది. తాళ్ళు చెట్లకు కట్టనివ్వకండి. తాత్కాలిక కరెంటు ఈపీడీసీఎల్ దగ్గర దరఖాస్తు చేసి తీసుకోండి, పార్కు దీపాల స్తంభం నుంచి లాగకండి.

అనుమతుల్లో మైకుకు పోలీసుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకరు కుదరదు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్, రెండు పెద్ద బాక్సులు పెడితే అది ఇట్టే దాటుతుంది. చిన్న స్పీకర్లు నాలుగు మూలలా లోపలికి తిప్పి పెట్టండి, అందరికీ వినబడుతుంది, గోడ అవతల గోల ఉండదు. వందమంది దాటితే మూడు పని దినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని వ్యర్థాల నిబంధన చెబుతుంది, ఆ కాగితం వార్డులో పారిశుద్ధ్యం చూసే అధికారికి ఇచ్చి, కార్యక్రమం అయ్యాక చెత్త బండి ఎన్నింటికి వస్తుందో అప్పుడే ఖాయం చేసుకోండి.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి నిషేధం. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు ఉండగా వాటి అవసరమే లేదు, తిన్నాక నేరుగా గరికపోచ గారి ఆకుల గుంటలో వేయొచ్చు. ఎముకలు, నూనె కూరలు మాత్రం అందులో వద్దు, కుక్కలు తవ్వుతాయి. రెండొందల మందికి మూడు గంటలకు ఇరవై లీటర్ల టిన్నులు పది, స్టీలు గ్లాసులు నలభై, కడగడానికి ఒక మనిషి.

ఒక్క వారం మాత్రం ఏ కార్యక్రమమూ ఒప్పుకోకండి. దసరా వెళ్ళిన సోమవారం పైడితల్లి జాతరలో తొలేళ్ళు, మంగళవారం సిరిమాను. ఆ రెండు రోజులూ ఊరంతా పైడితల్లి అమ్మవారి భక్తులే, పోలీసులు గానీ టెంటు గానీ దొరకవు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ నీడ దొరికితే అక్కడ కూర్చుంటారు. గేటు తీసి ఉంచి, నీళ్ళు, మరుగుదొడ్డి శుభ్రంగా పెట్టండి. పైగా అవి తుపాను రోజులు, టెంటు వేయడమే తప్పు.

గరికపోచ

కార్యక్రమం అయిన మర్నాడు ఆ జాగా మీద నీళ్ళు చల్లి, వదులైన చోట మట్టి వేసి రోలరు తిప్పించండి. అలా వదిలేస్తే వేసవికి దుమ్ము లేచి పక్క ఇళ్ళవాళ్ళు వచ్చే ఏడు ముగ్గులే వద్దంటారు.

చంపావతి_తీరం

అర్థమైంది. ముందు మట్టం, కాలువ. తర్వాత రబ్బర్లు, బేరింగులు. జూన్ లోపల ట్రాక్, వానలు పడ్డాక గరిక. లెవెల్ ట్యూబు ఈ ఆదివారమే పట్టిస్తాను.

నాగావళి_గట్టు

ఆ లోపల వాన పడితే మాత్రం గొట్టం కన్నా ముందు గొడుగు పట్టుకెళ్ళండి. నీరు నిలిచిన అంచు వెంబడి పదడుగులకొకటి వెదురు పుల్ల పాతి ఉంచండి. మర్నాడు పొద్దున ఎంత లోపలికి తగ్గిందో మళ్ళీ పుల్లలు పాతండి. ఆ రెండు గీతల ఫోటో, రోడ్డు కాలువ అడుగు మట్టం ఇక్కడ పెడితే కాలువ ఏ వైపు వాలాలో చెప్తాం.